హాంకాంగ్ మెట్రో 1974: జపాన్ వాళ్లు ఒప్పందం వదిలేసి పోవడం నష్టమా, లాభమా?

పట్టాలపిచ్చి

హాంకాంగ్ ఎంటీఆర్ అనగానే లాభాల్లో నడిచే మెట్రో అంటాం. ఏ మెట్రో చర్చలో చూసినా ఎవరో ఒకరు "హాంకాంగ్‌లో చూడండి, ప్రభుత్వం పైసా పెట్టకుండా స్థలాలతోనే కట్టేశారు" అని ఉదాహరణ ఇస్తారు. కానీ దాని పుట్టుక అంత సాఫీగా ఏమీ జరగలేదు.

అప్పటికి అది బ్రిటిష్ కాలనీ. రోడ్లు చాలడం లేదని 1960ల మధ్యలో సర్వే చేయించారు. ఫ్రీమన్ ఫాక్స్, విల్బర్ స్మిత్ కన్సల్టెంట్లు 1967లో నివేదిక ఇచ్చారు. నాలుగు లైన్లు, 64 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 340 కోట్ల హాంకాంగ్ డాలర్లు అన్నారు. 1970లో మళ్లీ లెక్కలు వేసి దాన్ని 53 కిలోమీటర్ల దాకా తగ్గించారు. 1972లో, ముందు 20 కిలోమీటర్లు కడదాం, తర్వాతది తర్వాత చూద్దాం అన్నారు.

అసలు కథ 1973లో మొదలైంది. ఆర్థిక కార్యదర్శి ఫిలిప్ హాడన్-కేవ్ నాయకత్వంలో స్టీరింగ్ గ్రూప్ ఒకటి నాలుగు అంతర్జాతీయ కన్సార్టియంలతో (అంటే కలిసి పనిచేసే కంపెనీల గుంపులతో) బేరాలకు కూర్చుంది. తవ్వకం నుంచి బోగీల దాకా మొత్తం ఒకే కాంట్రాక్టు కింద ఇస్తాం, రేటు మాత్రం 500 కోట్లు దాటకూడదు అన్నారు. మిత్సుబిషి నాయకత్వంలోని జపాన్ బృందం ఒక్కటే ఆ గీత లోపలికి వచ్చింది. 1974 మొదట్లో ఒప్పందం అయింది. ఆ ఏడాది ఆఖరులోగా పని మొదలుపెట్టి 1979కి పూర్తి చేయాలి. తీరా డిసెంబర్ వచ్చేసరికి జపాన్ వాళ్లు మా వల్ల కాదని తప్పుకున్నారు.

నా ప్రశ్న ఇది. అంత పెద్ద ప్రాజెక్టుకి ఒకే కాంట్రాక్టు, ఒకే స్థిర ధర అనే ఆలోచన అసలు ఎవరికి, ఎందుకు వచ్చింది? వాళ్లు వెళ్లిపోవడం హాంకాంగ్‌కి దెబ్బా, అదృష్టమా?

లెక్కల మాస్టారు

మంచి థ్రెడ్ పెట్టారు. ముందు హాడన్-కేవ్ కుర్చీలో కూర్చుని ఆలోచించండి.

1958 నుంచి హాంకాంగ్‌కి ఆర్థిక స్వాతంత్ర్యం ఉంది. బడ్జెట్‌కి లండన్ అనుమతి అక్కర్లేదు. అంటే లండన్ నుంచి డబ్బూ రాదు, మునిగితే ఆదుకునేవాడూ ఉండడు. అప్పులు చేయకుండా మిగులు బడ్జెట్ చూపించడం అక్కడి ఖజానా వాళ్లకి దాదాపు మతం లాంటిది. హాడన్-కేవ్ కంటే ముందు ఆ పదవిలో ఉన్న కౌపర్‌త్వెయిట్ అయితే ఇంకా బిగుసు మనిషి.

పైగా 1972లో గవర్నర్ మెక్‌లెహోస్ పదేళ్లలో 18 లక్షల మందికి ఇళ్లు అని ప్రకటించేశాడు. స్కూళ్లు, ఆసుపత్రులు, కొత్త టౌన్లు అన్నీ వరుసలో నిలబడ్డాయి. అలాంటప్పుడు ఖజానా మనిషి ఏమంటాడు? "మెట్రో కట్టుకోండి, కానీ నేను ఇవ్వాల్సిన మొత్తం ఎంతో ఈ రోజే చెప్పండి. తర్వాత వచ్చి ఇంకో వంద కోట్లు కావాలంటే కుదరదు" అంటాడు. 500 కోట్ల గీత అలా పుట్టిందని నా లెక్క. ఇంజనీరు వేసిన అంచనా కంటే అందులో ఖజానా భయమే ఎక్కువ కనిపిస్తుంది.

రిటైర్డ్ ఈఈ

మాస్టారు చెప్పింది నిజమే. కాంట్రాక్టుల వైపు నుంచి నేనొకటి కలుపుతాను. సర్వీసంతా నీటిపారుదల శాఖలో టెండర్లు చూస్తూనే గడిచింది.

స్థిర ధర కాంట్రాక్టు ఇస్తే రిస్క్ అంతా కాంట్రాక్టరు నెత్తిన పడింది అనుకుంటారు ఆఫీసులో కూర్చున్నవాళ్లు. రిస్క్ ఎక్కడికీ పోదండీ. ధరలు మామూలుగా ఉంటే కాంట్రాక్టరు మోస్తాడు. అదుపు తప్పితే మూడే దారులు. పని ఆపుతాడు, నాణ్యత తగ్గిస్తాడు, లేదంటే ఫైలు పట్టుకుని మీ గుమ్మం దగ్గరికి వస్తాడు. మన జలయజ్ఞంలో ఈపీసీ అని మొత్తం ప్యాకేజీ ఒకే ధరకి ఇచ్చారు. ధర మారదు అన్నారు. చివరికి ఏమైంది? 2015లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 22 తెచ్చి ధరల పెంపు ఇవ్వాల్సి వచ్చింది. ఆ జీవో మంచిదా చెడ్డదా అన్నది వేరే గొడవ, అందులోకి వెళ్లను.

జపాన్ వాళ్లు నాలుగో దారి పట్టారు. పని మొదలుపెట్టక ముందే లేచి వెళ్లిపోయారు. నన్నడిగితే అందరిలోకీ అదే మర్యాదైన దారి. సగం తవ్విన రోడ్డు వదిలేసి వెళ్లుంటే ఆ ఊరి గతి ఏమిటి?

చిన్నోడు_98

ఈఈ గారూ, ఒక డౌట్. మిగతా ముగ్గురూ 500 కోట్ల పైనే కోట్ చేశారు కదా. నలుగురిలో ముగ్గురు "ఇది కుదరదు" అంటున్నప్పుడు, కుదురుతుంది అన్న ఆ ఒక్కడి మీద అనుమానం రావాలి కదా?

రిటైర్డ్ ఈఈ

రావాలి బాబూ. కానీ ఎల్-1ని, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాణ్ని వదిలేసి, తర్వాతివాడు ఎల్-2కి ఇచ్చిన అధికారి బతికి బట్టకట్టిన ఊరు నాకు చూపించు.

లెక్కల మాస్టారు

చిన్నోడి ప్రశ్నకి అంకెల్లో సమాధానం చెబుతాను. 1973 చివర్లో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చి చమురు ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగు రెట్లయింది. జపాన్ తన చమురు దాదాపు మొత్తం బయటి నుంచి కొనే దేశం. ఉక్కు, సిమెంటు, ఓడ కిరాయి అన్నీ ఒకేసారి ఎగిశాయి.

హాంకాంగ్ పరిస్థితి ఏమైనా బాగుందా అంటే అదీ లేదు. అక్కడి షేర్ సూచీ హాంగ్ సెంగ్ 1973 మార్చిలో 1,774 దాకా వెళ్లి, 1974 డిసెంబర్‌కి 150కి పడిపోయింది. దాదాపు పన్నెండో వంతే మిగిలింది. ధరల పెరుగుదల రెండేళ్లూ రెండంకెల్లోనే ఉంది. దానికి తోడు 1974 నవంబర్‌లో హాంకాంగ్ డాలర్‌ని అమెరికా డాలర్ నుంచి విడదీసి, మార్కెట్ ఎంత విలువ కడితే అంత అని వదిలేశారు. ఖర్చు యెన్‌లో, రాబడి గీత గీసిన హాంకాంగ్ డాలర్‌లో ఉన్న కాంట్రాక్టరుకి ఆ నెల నిద్ర పట్టి ఉంటుందా? వెంటనే డిసెంబర్‌లో తప్పుకున్నారంటే నాకు ఆశ్చర్యం ఏమీ లేదు.

కౌలూన్‌లో_మనోడు

ఇక్కడ ఉంటున్నాను కాబట్టి రోజూ ఆ రైల్లోనే తిరుగుతాను. మాస్టారు చెప్పిన నేపథ్యం సరే, తర్వాత జరిగింది చెప్పాలి, ఎందుకంటే అసలు తెలివి అక్కడే ఉంది.

1975 మొదట్లో స్టీరింగ్ గ్రూప్‌ని తీసేసి ఎక్కువ అధికారాలతో తాత్కాలిక అథారిటీ పెట్టారు. అదే ఏడాది దాని స్థానంలో పూర్తిగా ప్రభుత్వ యాజమాన్యంలో మాస్ ట్రాన్సిట్ రైల్వే కార్పొరేషన్ వచ్చింది. నార్మన్ థాంప్సన్ చైర్మన్. 20 కిలోమీటర్ల పథకాన్ని 15.6 కిలోమీటర్లకి కత్తిరించి "మార్చిన తొలి వ్యవస్థ" అని పేరు పెట్టారు. ఒకే కాంట్రాక్టు అనే మాట వదిలేశారు. సివిల్ పనులు 25 కాంట్రాక్టులుగా, విద్యుత్, యంత్రాల పనులు 10 కాంట్రాక్టులుగా విడగొట్టారు. నవంబర్‌లో పని మొదలైంది. జపాన్ వాళ్లు వెళ్లిపోయిన ఏడాది లోపే!

1979 అక్టోబర్ 1న క్వున్ టాంగ్ నుంచి షెక్ కిప్ మేయ్ దాకా రైలు నడిచింది. 1980 ఫిబ్రవరిలో సముద్రం కింది నుంచి సెంట్రల్‌కి చేరింది. మొదటి ఒప్పందంలో రాసుకున్న 1979 గడువుకి, అది రద్దయ్యాక కూడా, దాదాపు చేరుకున్నట్టే.

ఇంకో తమాషా. ఆ హార్బర్ కింది సొరంగం కట్టిందెవరో తెలుసా? కుమగాయ్ గుమి, జపాన్ కంపెనీ. నీళ్లలోకి దించే కాంక్రీటు ముక్కలు 14, ఒక్కోటీ వంద మీటర్లు, పక్కపక్కన రెండు గొట్టాలతో. నేథన్ రోడ్డు కింది పనుల్లోనూ జపాన్ సంస్థలు బాగానే దక్కించుకున్నాయి. గుంపుగా వెళ్లిపోయినవాళ్లు విడివిడిగా తిరిగొచ్చారన్నమాట.

పట్టాలపిచ్చి

అంకెలు చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. పాత ఒప్పందం 20 కిలోమీటర్లకి 500 కోట్లు, అంటే కిలోమీటరుకి 25 కోట్లు. మార్చిన పథకం అంచనా 15.6 కిలోమీటర్లకి 580 కోట్లు, కిలోమీటరుకి 37 కోట్ల పైనే. అంటే రేటు దాదాపు సగం పెరిగింది. మరి అదృష్టం అని ఎలా అంటాం?

రిటైర్డ్ ఈఈ

కాగితం మీద ఉన్న 25 కోట్లతో పోలుస్తున్నారు మీరు. ఆ ధరకి కట్టేవాడే లేడు. కట్టనివాడి ధరని ధర అనరు. పోల్చాలంటే, జపాన్ బృందం 1976లో పని ఆపేసి క్లెయిములతో వచ్చి ఉంటే ఎంతయ్యేదో దానితో పోల్చండి.

ఇంకో విషయం. 1975 అంటే ప్రపంచమంతా మాంద్యం. కాంట్రాక్టర్ల యంత్రాలు ఖాళీగా ఉన్నాయి. అలాంటప్పుడు 35 ముక్కలుగా టెండర్లు పిలిస్తే చిన్నాపెద్దా అందరూ పోటీ పడతారు. 1973లో పిలిస్తే నలుగురు, అదీ ఒక్కొక్కరు దేశాల సైజులో ఉన్న గుంపులు. ముక్కలు చేస్తే ఒకడు ఎగ్గొట్టినా మిగతా 34 నడుస్తాయి. కానీ తలనొప్పి ఏమిటంటే, ఒకడి సొరంగం ఇంకొకడి స్టేషన్‌కి సరిగ్గా వచ్చి కలవాలి. ఆ కలిపే బాధ్యత కాంట్రాక్టరు దగ్గర్నుంచి కార్పొరేషన్ మీదకి వచ్చింది. అందుకు తగిన ఇంజనీర్లు ఆఫీసులో ఉంటేనే ఇది పనిచేస్తుంది. లేకపోతే 35 కోర్టు కేసులు.

ప్రశ్నలపుట్ట

అసలు దీన్నంతా ఆమోదించింది ఎవరు? ఓట్లతో గెలిచిన ప్రజాప్రతినిధి ఒక్కడైనా ఉన్నాడా ఈ కథలో?

కౌలూన్‌లో_మనోడు

లేడు. అప్పట్లో లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో అధికారులు, గవర్నర్ నియమించిన ప్రముఖులు మాత్రమే ఉండేవారు. ఎన్నికైనవాళ్లు, అదీ పరోక్షంగా, 1985 దాకా రాలేదు. గవర్నర్, ఆయన ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ నిర్ణయిస్తారు, ఖర్చుకి ఫైనాన్స్ కమిటీ సరే అంటుంది. బ్యాంకులు, ట్రేడింగ్ కంపెనీల పెద్దలే ఆ కుర్చీల్లో ఉండేవారు. మంచో చెడో, 1975లో అంత వేగంగా పథకం మార్చగలగడానికి అది కూడా ఒక కారణం.

ప్రశ్నలపుట్ట

వేగం కోసం ప్రజాస్వామ్యం వద్దు అనేదాకా వెళ్లకండి సార్, దండం పెడతా. 1974 ఫిబ్రవరిలోనే అక్కడ అవినీతి నిరోధక కమిషన్ పెట్టాల్సి వచ్చింది. పోలీసు పెద్దాఫీసరు గాడ్‌బర్ మూటాముల్లే సర్దుకుని ఇంగ్లండ్ పారిపోతే జనం రోడ్డెక్కారు. అడిగేవాడు లేకపోతే వేగంతో పాటు ఇలాంటివీ వస్తాయి.

లండన్ సంగతేమిటి? కాలనీ పని జపాన్ కంపెనీకి ఇస్తుంటే బ్రిటిష్ కంపెనీలు ఊరుకున్నాయా?

లెక్కల మాస్టారు

ఊరుకోవు కదా. కానీ 1958 తర్వాత లండన్ గట్టిగా ఆదేశించే స్థితి లేదు. డబ్బు హాంకాంగ్‌ది, అప్పు హాంకాంగ్‌ది, కట్టేది అక్కడి ప్రయాణికుడు. "మా దగ్గరే కొనండి" అనాలంటే తేడా సొమ్ము లండనే కట్టాలి. 1974లో బ్రిటన్ ఖజానా పరిస్థితి చూస్తే అది జరిగే పని కాదు.

బ్రిటన్‌కి వాటా దక్కింది వేరే దారిలో. కాంట్రాక్టుల్ని ముక్కలు చేయడంతో ఎక్స్‌పోర్ట్ క్రెడిట్ తలుపు తెరుచుకుంది. ఏ దేశం నుంచి సామాను కొంటే ఆ దేశ ప్రభుత్వ గ్యారంటీతో అక్కడి బ్యాంకులు తక్కువ వడ్డీకి అప్పు ఇస్తాయి. కాబట్టి కార్పొరేషన్ ఒక్కో టెండర్‌లో ధరతో పాటు "అప్పు ఎంత తెస్తావు, ఏ వడ్డీకి" అని కూడా అడగగలిగింది. బోగీలు బర్మింగ్‌హామ్‌లోని మెట్రో-కామెల్ నుంచి వచ్చాయి. ఒకే గుంపుకి ఇచ్చి ఉంటే ఈ బేరం ఒకే దేశంతో ముగిసేది.

హౌరా_రైలు

కొంచెం పక్కకి వెళ్తున్నా, క్షమించాలి. బ్రిటిష్ కాలంలో భూగర్భ రైలుకి డబ్బుల్లేక ఆగిపోయిన కథ మన దేశంలోనూ ఉంది. 1919లో సిమ్లాలో ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో డబ్ల్యూ.ఇ. క్రమ్ అనే సభ్యుడు చొరవ తీసుకుంటే కమిటీ వేశారు. కలకత్తా నుంచి హుగ్లీ నది కింది నుంచి హౌరా వైపుకి ట్యూబ్ రైలు. లండన్ ట్యూబ్ ఇంజనీరు హార్లీ డాల్రింపుల్-హే ప్లాన్ గీశాడు, సుమారు 35 లక్షల పౌండ్లు అన్నాడు. నిధులు లేవని మూలన పడేశారు. చివరికి కలకత్తా మెట్రో 1984లో నడిచింది. శంకుస్థాపన 1972 డిసెంబర్‌లో, అంటే హాంకాంగ్ నిర్ణయం జరిగిన ఏడాదే. మనకి పన్నెండేళ్లు, వాళ్లకి పని మొదలుపెట్టాక నాలుగేళ్లు.

చిన్నోడు_98

హైదరాబాద్ కూడా గుర్తొస్తోంది. 2008లో మేటాస్ కన్సార్టియం గ్రాంటు అడక్కపోగా ఎదురు ప్రభుత్వానికే 30,311 కోట్లు ఇస్తానంది. అప్పుడు ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు అభ్యంతరం చెబితే ఆయన మీదే విరుచుకుపడ్డారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, మేటాస్ కూడా ఆ సత్యం రాజు కుటుంబానిదే కాబట్టి ఒప్పందం రద్దయింది. రెండోసారి ఎల్ అండ్ టీ 1,458 కోట్ల గ్రాంటు అడిగి గెలిచింది. అందరికంటే బాగున్న బిడ్డే అందరికంటే ముందు కూలింది. 2025లో వాళ్లూ తప్పుకుంటామంటే తెలంగాణ ప్రభుత్వం తీసుకోవడానికి ఒప్పుకుంది.

మోడరేటర్

హైదరాబాద్ మెట్రోకి వేరే థ్రెడ్ ఉంది, పార్టీల గొడవ అక్కడ పెట్టుకోండి. ఇక్కడ హాంకాంగ్ మీదే మాట్లాడదాం. రెండు పోస్టులు తీసేశాను.

కౌలూన్‌లో_మనోడు

సరే, "పైసా ఖర్చు లేకుండా" అన్న మాట దగ్గరికి వస్తాను. నా అసలు అభ్యంతరం అక్కడే.

హాంకాంగ్‌లో భూమి అంతా ప్రభుత్వానిదే. సెయింట్ జాన్స్ కేథడ్రల్ ఒక్కటే మినహాయింపు, మిగతాదంతా లీజే. ప్రభుత్వ ఆదాయంలో భూమి అమ్మకాలది పెద్ద భాగం. అలాంటి చోట స్టేషన్ల మీద, డిపో మీద కట్టుకునే హక్కులు కార్పొరేషన్‌కి ఇచ్చారంటే, వేలంలో వేరేవాడి నుంచి రావాల్సిన సొమ్ముని మెట్రో వైపు తిప్పారని అర్థం. ఖజానా పుస్తకంలో సబ్సిడీ అనే కాలమ్ ఖాళీగా ఉండొచ్చు. ఇచ్చింది మాత్రం ఇచ్చినట్టే.

కౌలూన్ బే స్టేషన్‌లో దిగితే టెల్‌ఫోర్డ్ గార్డెన్స్ కనిపిస్తుంది. నలభై పైచిలుకు టవర్లు, కింద మాల్. ఆ మాల్‌లో నడుస్తున్నప్పుడు తెలియదు గానీ, కాళ్ల కింద ఉన్నది రైళ్ల డిపో. రైళ్లు కడిగే షెడ్డు మీద కాంక్రీటు బల్ల వేసి, దాని మీద ఊరు కట్టారు. సెంట్రల్ స్టేషన్ పైన పాత జనరల్ పోస్టాఫీసు ఉండేది. దాన్ని కూల్చేసి ఆ స్థలంలో వరల్డ్‌వైడ్ హౌస్ కట్టారు. ఆదివారం వెళ్తే అందులో నడవడానికి చోటు ఉండదు, ఇళ్లలో పనిచేసే ఫిలిపినో ఆడవాళ్లు ఇంటికి డబ్బు పంపడానికి, పెట్టెలు కట్టించుకోవడానికి వస్తారు.

1977లో ఆ పోస్టాఫీసు స్థలాన్ని, అడ్మిరల్టీ స్టేషన్ స్థలాన్ని హాంకాంగ్ ల్యాండ్ లాంటి పాత బ్రిటిష్ దిగ్గజం పోటీలో ఉండగా లీ కా-షింగ్ కంపెనీ చ్యుంగ్ కాంగ్ దక్కించుకుంది. నగదు తొందరగా ఇస్తాననీ, లాభంలో పెద్ద వాటా కార్పొరేషన్‌కే అనీ ఆఫర్ ఇచ్చాడంటారు. సొరంగాలకి బిల్లులు కట్టాల్సిన రోజుల్లో కార్పొరేషన్‌కి కావాల్సింది సరిగ్గా అదే.

లెక్కల మాస్టారు

మనోడితో తొంభై శాతం ఏకీభవిస్తాను. ఒక్క తేడా. భూమి ఇవ్వడం, డబ్బు ఇవ్వడం ఒకటే అన్నారు. ఖజానాకి ఒకటే కావచ్చు, కార్పొరేషన్‌కి కాదు. డబ్బు చేతికిస్తే ఖర్చయిపోతుంది. భూమి ఇస్తే దాని విలువ పెరగాలంటే స్టేషన్ తెరవాలి, రైలు టైముకి నడవాలి. అందుకే "వివేకమైన వాణిజ్య సూత్రాల" మీద నడపాలని చట్టంలోనే రాసి, నష్టం వస్తే మా దగ్గరికి రాకండి అని చెప్పగలిగారు.

అలాగని ఈ పద్ధతి బంగారు గని ఏమీ కాదు. 1981లో హాంకాంగ్‌లో బ్యాంకుల ప్రైమ్ రేటు, అంటే మంచి ఖాతాదారులకి ఇచ్చే అప్పు మీద వడ్డీయే 20 శాతం. మెడదాకా అప్పుల్లో ఉన్న కార్పొరేషన్ పరిస్థితి ఊహించుకోండి. వెంటనే 1982 నుంచి, 1997లో చైనా చేతికి వెళ్లాక ఏమవుతుందో అన్న భయంతో స్థలాల ధరలు కుప్పకూలాయి. అదే టైములో ఐలాండ్ లైన్ కడుతున్నారు. 1985లో అది తెరుచుకునేదాకా, తర్వాత ఇంకొన్నాళ్లూ వడ్డీలే నెత్తి మీద కూర్చున్నాయి. ఇప్పుడు ఎంటీఆర్ లాభాలు చూపించేవాళ్లు ఆ ఏళ్లని దాటేసి చెబుతారు.

పట్టాలపిచ్చి

చాలా తెలిసింది, థ్యాంక్స్ అందరికీ. నా ప్రశ్నకి ఇప్పుడు నా సమాధానం: జపాన్ వాళ్లు వెళ్లడం అదృష్టమే, కానీ దాన్ని వాడుకోవడానికి 1975లో అక్కడ మనుషులు ఉన్నారు. ఈఈ గారు ఒప్పుకుంటారా?

రిటైర్డ్ ఈఈ

సగం ఒప్పుకుంటాను. మనుషులు ఉన్నారు, నిజమే. కానీ 1975లో ధరలు చల్లబడకుండా 1974లాగే ఇంకో మూడేళ్లు సాగి ఉంటే 35 కాంట్రాక్టర్లూ కార్పొరేషన్ గుమ్మం ముందు నిలబడేవాళ్లే. ఆ 35లో ఎన్నింటికి ధరల పెంపు క్లాజ్ పెట్టారో, ఎన్నింటికి పెట్టలేదో, అది తేలితే అసలు సంగతి బయటపడుతుంది. మనోడూ, అక్కడి లైబ్రరీల్లో కార్పొరేషన్ పాత వార్షిక నివేదికలు దొరుకుతాయేమో చూస్తావా? 1976, 1977వి చాలు.

కౌలూన్‌లో_మనోడు

శనివారం సెంట్రల్ లైబ్రరీకి వెళ్తాను ఈఈ గారూ. దొరికితే ఆ పేజీలు ఫొటో తీసి ఇక్కడే పెడతాను.